బంగారు వారి పాము

 

పండుగనాడు పాము కథ ఏమిటని విసుక్కోకండి. శాస్త్రంలో పేర్లను గురించి మాట్లాడమన్నారు. వాటిలో మన మలేసియా తెలుగువారికి మిక్కిలి దగ్గరిది ఒక పాము పేరే.

తోటల్లో పెరిగిన వారికి ఈ పాము తెలుసు. ఒంటినిండా నలుపు, పసుపు పట్టెలు. మలాయివారు చెరుకుతో పోల్చి 'ఉలార్ కాతాం తెబు' అంటారు. ఊరికొక పేరుంటే శాస్త్రజ్ఞులు ఒకరితో ఒకరు మాట్లాడుకొనేదెలా? ఆ చిక్కు విప్పినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్. 1753లో మొక్కలకూ, 1758లో జంతువులకూ వరుసగా రెండేసి మాటల పేర్లు పెట్టాడు. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. పిల్లలకు తేలికగా చెప్పాలంటే మొదటిది ఇంటిపేరు, రెండవది సొంతపేరు. తెల్లవాళ్ళు తమ ఇంటిపేరు చివర వ్రాసుకుంటారు గాని, శాస్త్రంలో మాత్రం మన వరుసకే వచ్చారు!

1780లలో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే ఇంగ్లీషు కంపెనీ వైద్యుడు పాములను సేకరించి, అక్కడివారు చెప్పిన పేర్లను చెప్పినట్టే వ్రాసుకొన్నాడు. 1796లో లండనులో అచ్చయిన ఆయన గ్రంథంలో ఈ పట్టెల పాముకు ఉన్న పేరు 'బంగారు పాము'. 1803లో ఫ్రాన్సులో దోదాన్ ఆ మాటకు లాటిన్ తోక తగిలించి ప్రజాతికి 'బంగారస్' అని పెట్టాడు. మన తోటల్లో పాము 'బంగారస్ ఫాసియాటస్', అంటే పట్టెలున్నది. దాయాదులందరికీ అదే ఇంటిపేరు. ఆంధ్రదేశపు కట్లపాము ఒంటిమీద బంగారు ఛాయ ఎక్కడా లేదు, అయినా అదీ బంగారు వారి బిడ్డే. 1963లో తైవానులో ఈ ఇంటిపేరున్న మరో పాము విషం నుంచి వేరుచేసిన పదార్థం 'బంగారోటాక్సిన్'. నరం ఆజ్ఞ కండరానికి ఎలా అందుతుందో తెలుసుకోవడానికి అది ఎంతో అక్కరకొచ్చింది.

అదే తీరం నుంచి, విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి మన తాతముత్తాతలు ఓడలెక్కి వచ్చారు. తోట చిట్టాలో కిరాణి వారి ఇంటిపేరు వ్రాసుకోలేదు, తండ్రి పేరు చాలన్నాడు. ఇప్పటికీ మన కాగితాల మీద ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అనే ఉంటుంది. పెళ్ళి సంబంధాల మాట వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ మా ఇంటిపేరు చెబుతుండేది. మేము చెవిన పెట్టలేదు. ఆమె పోయాక మేనత్తను అడిగితే సగమే చెప్పగలిగింది. పాము ఇంటిపేరు రెండు వందల ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. అది అచ్చులో ఉంది, ముందు అచ్చయిన పేరే చెల్లాలని శాస్త్రంలో నియమమూ ఉంది. మాదే జారిపోయింది.

భోజనాల గుమ్మం దగ్గర బల్లమీద ఒక పెద్ద పుస్తకం పెట్టించాము. ఇంటిపేరు మొదట, సొంతపేరు తరువాత. మామ్మలనూ తాతలనూ ముందుగా తీసుకురండి. స్పెల్లింగు సంగతి తరువాత చూసుకొందాం. సెలవు.