బీఎస్సీ నర్సింగ్‌కి లోన్ తీసుకునే ముందు ఈ ఒక్క లెక్క వేయండి

ఈరోజు టాపిక్ నర్సింగ్ చదువు, దానికి తీసుకునే లోన్. వీలైతే ఇంట్లో అమ్మానాన్నల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఎందుకంటే సంతకం పెట్టేది వాళ్ళే.

పోయిన వారం నర్సంపేటలో మా ఇంటి దగ్గర ఉండే ఒక చెల్లె ఫోన్ చేసింది. బైపీసీ అయిపోయింది. "అన్నా, మేనేజ్‌మెంట్ కోటాల బీఎస్సీ నర్సింగ్ సీటు ఉందట. ఏడాదికి లక్ష. రెండు రోజుల్ల కట్టాల్నంటున్నరు. బాపు లోన్ తీస్తా అంటున్నడు. తీసుకోమంటవా, వద్దా?" అని అడిగింది.

వాళ్ళ బాపు మిర్చి, పత్తి వేసే రైతు. ఆయన నమ్మకం ఏంటంటే, 2024లో మన నర్సంపేటకే గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది, 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది, ఇక నర్సులకు ఉద్యోగాలు ఇంటి ముందే ఉంటాయి. ఆశ తప్పు కాదు. కానీ బ్యాంకు ఆశ మీద ఈఎంఐ తగ్గించదు కదా. అందుకే ఇద్దరం ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూర్చున్నాం.

లోన్ 4 లక్షలు, ప్రతి ఏడాది మొదట్లో లక్ష చొప్పున. వడ్డీ లెక్క కోసం 10 శాతం అనుకుందాం. మామూలుగా చదువు నాలుగేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది ఈఎంఐ ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈఎంఐ లేదంటే వడ్డీ లేదని కాదు. మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ 50 వేలు, రెండో లక్షకు 40 వేలు, తర్వాత 30, తర్వాత 20. మొత్తం లక్షా 40 వేలు. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి అప్పు 5 లక్షల 40 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు. మొత్తం కట్టేది 8 లక్షల 56 వేల పైమాటే.

ఇప్పుడు జీతం వైపు చూద్దాం. గవర్నమెంట్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టు పే స్కేల్ 36,750 నుంచి మొదలవుతుంది. 2024 సెప్టెంబర్‌లో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ జీతం వస్తే ఈఎంఐ బేసిక్‌లో ఐదో వంతు కూడా కాదు, హాయిగా కట్టొచ్చు. కానీ అది పరీక్ష రాసి తెచ్చుకునే ఉద్యోగం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. 100 మార్కుల్లో పరీక్షకు 80, ఆల్రెడీ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌లో చేసిన సర్వీసుకు 20. అంటే ఫ్రెషర్‌గా వెళ్తే ఆ 20 దగ్గరే వెనకబడతాం.

మరి అప్పటిదాకా? ప్రైవేట్ హాస్పిటల్. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు చిన్న హాస్పిటల్‌లో కూడా నర్సుకు 20 వేలకు తగ్గొద్దని చెప్పింది. కానీ అది సిఫార్సు మాత్రమే. కాబట్టి మనం 15 వేలతో లెక్క వేద్దాం. హన్మకొండలో హాస్టల్, తిండి కలిపి 6 వేలు అనుకోండి. మహాలక్ష్మి ఉంది కాబట్టి ఆర్టీసీ బస్సు ఖర్చు తీసేద్దాం. ఈఎంఐ 7,136. చేతిలో మిగిలేది 1,864 రూపాయలు. ఫోన్ రీఛార్జ్, బట్టలు, జ్వరమొస్తే మందులు, ఇంటికి పంపేది, అన్నీ అందులోనే. నైట్ డ్యూటీలు చేసి మరీ!

ఈ నంబర్ చెప్పాక చెల్లె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే నర్సింగే వద్దా అన్నా?" అంది.

కాదు. నేను చెప్పేది అది కాదు. నర్సింగ్ మంచి చదువు, తిండి పెట్టే చదువు. తేడా ఎక్కడొస్తుందంటే, ఏ సీటు, ఎంత అప్పు అన్న దగ్గర.

ఒకటి, కన్వీనర్ కోటా. మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ చేస్తుంది. ఆదాయ పరిమితి లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకి అది రాదు. అదే డిగ్రీ, అదే పరీక్ష, అదే జీతం. రీయింబర్స్‌మెంట్ డబ్బులు లేటుగా వస్తాయి, నిజమే. ఆ లేటుకి కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుందా అని సీనియర్లను ముందే అడగండి.

రెండు, జీఎన్ఎం. మూడేళ్ళ డిప్లొమా. మన రాష్ట్ర నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకి బీఎస్సీ వాళ్ళతో పాటు జీఎన్ఎం వాళ్ళూ అర్హులే, స్కేల్ కూడా ఒకటే. ఏడాది ముందే సంపాదన మొదలవుతుంది. తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు. అయితే బీఎస్సీకి ఉన్న లాభం కూడా చెప్పాలి. ఎయిమ్స్ నార్సెట్ రాయాలంటే జీఎన్ఎం వాళ్ళకు రెండేళ్ళ అనుభవం కావాలి, బీఎస్సీ వాళ్ళకు అక్కర్లేదు. ఎమ్మెస్సీ చేసి టీచింగ్‌కి వెళ్ళాలన్నా బీఎస్సీ దారి దగ్గర.

మూడు, ఫారిన్. "జర్మనీ పోతే ఏడాదిలో అప్పు తీరుతుంది" అని కాలేజీ వాళ్ళు చెప్తే, భాష ఎవరు నేర్పిస్తారు, ఎంత టైం పడుతుంది అని అడగండి. మన గవర్నమెంట్ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. వెళ్తే బోనస్ అనుకోండి, కానీ ఆ జీతం చూసి ఇవాళ అప్పు చేయకండి.

లోన్ తప్పదు అంటే, చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు, ఏటా పెరుగుతూ చివరికి 3,333. అలా చేస్తే అసలు 4 లక్షల దగ్గరే ఆగుతుంది, ఈఎంఐ 5,286 అవుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే చదువు టైంలో వడ్డీ కేంద్రం కట్టే స్కీమ్ ఉంది, కానీ అన్ని కాలేజీలకూ వర్తించదు. "మా కాలేజీకి వస్తుందా?" అని బ్యాంకు మేనేజర్‌ని సంతకానికి ముందే అడగండి.

నేనూ బీటెక్ లోన్ కట్టినోణ్ణే. ఉద్యోగం కంటే ముందు ఈఎంఐ మెసేజ్ వచ్చింది. ఆ నెల అమ్మ దగ్గర డబ్బులు అడిగిన రోజు నాకింకా గుర్తుంది. అందుకే నా రూల్ ఒక్కటే. మంచి జీతంతో కాదు, మీకు దొరికే తక్కువ జీతంతో ఈఎంఐ కట్టగలరా చూడండి. కట్టగలిగితే ధైర్యంగా తీసుకోండి. లేకపోతే సీటు మార్చండి, కల మార్చుకోనక్కర్లేదు.

చెల్లె వాళ్ళు ఆ రెండు రోజుల్లో డబ్బు కట్టలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వలేదు. కన్వీనర్ కోటా తర్వాతి రౌండ్ కోసం చూస్తున్నారు, రాకపోతే జీఎన్ఎం. సీటు వస్తుందో రాదో నాకూ తెలియదు. కానీ నిన్న వాళ్ళ బాపు కలిసి ఒక మాటన్నాడు. "రెండు దినాలల్ల కట్టాలె అన్నప్పుడే నాకు సమజ్ కావాల్సుండె బిడ్డా."

మీ ఇంట్లో కూడా ఎవరైనా తొందర పెడుతుంటే, ముందు కాలిక్యులేటర్ తీయండి. ఉంటా మరి, వచ్చే వీడియోలో కలుద్దాం.