దీపస్తంభాల దీవులు – మన యువతకు నాలుగు మాటలు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పోరాటాల గురించి ఇప్పటికే పెద్దలు చాలా చెప్పారు. నేను చాలా దూరాన ఉన్న ఒక చోటు గురించి చెబుతాను. విన్నాక అది దూరమో దగ్గరో మీరే తేల్చుకోండి.

అమెరికా ఉత్తరాన సుపీరియర్ అనే సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. నీళ్లు మంచినీళ్లే కానీ అలలు సముద్రానివే. విస్కాన్సిన్ రాష్ట్రం వైపు ఈ సరస్సులో అపోసల్ దీవులని 22 ఉన్నాయి. వాటిలో 21 దీవులూ, దాదాపు 19 కిలోమీటర్ల ఒడ్డూ కలిపి జాతీయ సరస్సు తీరంగా కాపాడుతున్నారు. 1970లో చట్టం చేసినప్పుడు 20 దీవులే ఉండేవి, 1986లో ఇంకొకటి కలిపారు. అలలు ఇసుకరాయిని తొలిచి చేసిన గుహలు చూడటానికి జనం చిన్న పడవల్లో వెళ్తారు. ఎండాకాలంలోనూ ఆ నీళ్లు చల్లగా ఉంటాయి. గాలి మారితే అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒడ్డుకు తిరిగి వచ్చేస్తారు.

అక్కడికి వెళ్లినవాళ్లు తప్పకుండా చూసేవి లైట్‌హౌసులు, అంటే దీపస్తంభాలు. ఓడలు రాళ్లకు కొట్టుకోకుండా దారి చూపడానికి కట్టారు. మిషిగన్ దీవిలో 1857లో, రాస్‌బెర్రీ దీవిలో 1863లో, అవుటర్ దీవిలో 1874లో, శాండ్ దీవిలో 1881లో, డెవిల్స్ దీవిలో 1891లో దీపాలు వెలిగాయి. వాటి కాపరులు కుటుంబాలతో ఆ దీవుల్లోనే ఉండి రాత్రంతా దీపం చూసుకునేవారు. 1905 సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. అవుటర్ దీవి దగ్గర ప్రిటోరియా అనే ఓడ మునిగింది. ఆ లైట్‌హౌస్ కాపరి జాన్ ఇర్విన్ అప్పటికే వయసు మళ్లినవాడు. అయినా అలల్లోకి దిగి ఐదుగురిని ఒడ్డుకు లాగాడు. మంచి మనిషి ఎవరైనా మంచి మనిషే, ఆయనకు దండం పెట్టాలి.

ఆయన కథ ఇన్నేళ్లకు మనదాకా ఎలా వచ్చింది? రాసి ఉంది కనుక వచ్చింది. ఏ దీపం ఏ ఏడు వెలిగిందో, గాలి ఎటు వీచిందో, ఏ ఓడ మునిగిందో కాపరులు పుస్తకాల్లో రాసిపెట్టారు. ఈ రోజు బోర్డుల మీద కనిపించేదంతా ఆ రాతే.

మరి ఆ దీపాలకు ముందు ఆ దీవులు చీకట్లో ఉన్నాయా? లేవు. అవి ఒజిబ్వే ఆదివాసీల దీవులు. తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. నీటి మీద తిండి పండే చోటు దొరికేదాకా నడవమని తమ పూర్వీకులకు ఆజ్ఞ అయిందని వాళ్ల పెద్దలు చెబుతారు. ఆ తిండి నీళ్లలో తనంతట తానే పండే ధాన్యం, దాన్ని మనోమిన్ అంటారు. వాళ్లు చేరుకున్న పెద్ద దీవి మాడెలిన్, వాళ్ల భాషలో మూనింగ్వనెకానింగ్. సరస్సును గిచిగామి అంటారు.

1850లో ప్రభుత్వం వాళ్లను అక్కడి నుంచి పంపేయాలని చూసింది. ఒప్పందం ప్రకారం ఏటా ఇవ్వాల్సిన డబ్బూ సరుకులూ ఎప్పటిలా దీవి దగ్గర ఇవ్వకుండా, దూరాన ఉన్న శాండీ లేక్‌కు రమ్మంది. వెళ్తే సరుకు సమయానికి రాలేదు. ఆకలికి, రోగాలకు, తిరుగు దారిలో చలికి సుమారు 400 మంది చనిపోయారు. 1852లో తొంభై ఏళ్లు పైబడిన నాయకుడు బఫెలో, బెరడు పడవెక్కి బయలుదేరి వాషింగ్టన్ దాకా వెళ్లి అధ్యక్షుడు ఫిల్మోర్‌ను కలిశాడు. పంపేయాలన్న ఉత్తర్వు ఆగింది. 1854 ఒప్పందంతో రెడ్ క్లిఫ్, బ్యాడ్ రివర్ లాంటి రిజర్వేషన్లు వచ్చాయి. అక్కడ రిజర్వేషన్ అంటే మన ఉద్యోగాల కోటా కాదు, తెగకు మిగిలిన నేల.

తర్వాత పార్కు ప్రతిపాదన వచ్చినప్పుడు అందులో ఆ రెండు రిజర్వేషన్ల భూమి కూడా కలిపారు. తెగలు ఒప్పుకోలేదు. 1970 చట్టంలో వాళ్ల భూమిని వదిలేశారు. 1972లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, పాత ఒప్పందాన్ని ఆధారం చేసుకుని, సరస్సులో చేపలు పట్టుకునే హక్కు వాళ్లదేనని చెప్పింది. 2012లో రెడ్ క్లిఫ్ తెగ, రిజర్వేషన్ హద్దుల్లోనే ఉండి పరాయి చేతుల్లోకి పోయిన భూమిని తిరిగి తెచ్చుకుని ఫ్రాగ్ బే పేరుతో తన సొంత పార్కు తెరిచింది. అడవిని కాపాడేదీ వాళ్లే, చూడవచ్చినవాళ్లకు నియమాలు చెప్పేదీ వాళ్లే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ 1970లోనే మన దగ్గర వన్ ఆఫ్ సెవెంటీ వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పిన చట్టం అది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది. గోదావరిలో లాంచీ ఎక్కి వచ్చేవాళ్లు కొండలు చూసి, ఫొటోలు తీసుకుని వెళ్తారు. ఆ కొండలకు మన పేర్లున్నాయని వాళ్లకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

ఇది గొప్ప కోసం చేసే పని కాదు. అటవీ హక్కుల నిబంధనల్లో పదమూడోది ఒకసారి చదవండి. హక్కు అడిగేటప్పుడు ఏవి సాక్ష్యాలో అందులో ఉంది. హక్కు అడిగే మనిషి కాకుండా ఊళ్లోని మరో పెద్ద చెప్పిన మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవర గుడి ఉన్న చోటు, ఇవన్నీ సాక్ష్యాలే. అంటే మీ తాత నోట్లో ఉన్న వాగు పేరుకు చట్టంలో విలువ ఉంది. అయితే తాత పోకముందే అది కాగితం మీదికి రావాలి.

కాబట్టి ప్రతి గూడెంలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. కొండ పేరు, వాగు పేరు, ఇప్పపూలు ఏరే చోటు, దేవర చోటు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, అన్నీ రాయండి. మన భాషలో ఉన్న పేరును మన భాషలోనే రాయండి, తెలుగులోకి మార్చకండి. పెద్దల గొంతు ఫోన్‌లో రికార్డు చేయండి. రాసింది గ్రామసభలో చదివి వినిపించండి, తప్పులుంటే పెద్దలే దిద్దుతారు.

కాపరి ప్రతి రాత్రీ దీపం వెలిగించి, పొద్దున్నే పుస్తకం రాశాడు. దీపం మన పెద్దలు ఇప్పటికే వెలిగించి పెట్టారు, పుస్తకం రాయాల్సింది మీరు.

జై ఆదివాసీ!