మైకు కూస్తే మన గొంతు తప్పు కాదు

 

ఈ పొద్దు మన వల్లూరు రాత్రి బడిలో మైకు సెట్టు గురించి మాట్లాడుకుందాం. "మైకుతో మనకేం పని టీచరమ్మా?" అంటారేమో. పుష్పగిరి తిరునాళ్లలో మైకు విన్నాం. పెళ్లిళ్లలో విన్నాం. మనం మైకులో మాట్లాడింది ఎప్పుడు?

పోయిన గ్రామసభలో మన బడిలో చదివిన ఒక అక్క లేచింది. కొళాయి నీళ్ల సంగతి అడగాలని తానే కాగితం రాసుకొని వచ్చింది. మైకు పట్టుకొని "అయ్యా" అనింది. అంతే! మైకు కుయ్యిమని కూసింది. అక్క భయపడి మైకును రెండు చేతులతో మూసింది. కూత ఇంకా ఎక్కువైంది. కొందరు నవ్వినారు. అక్క కూర్చునేసింది. నీళ్ల సంగతి సభ పుస్తకంలోకి ఎక్కనే లేదు.

"నా గొంతు బాగలేదు టీచరమ్మా. మైకులో మాట్లాడే రాత నాకు లేదు" అనింది నాతో.

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. ఇక్కడ మద్దెలే ఓడు. మనమేమో మన ఆటే తప్పు అనుకుంటున్నాం.

మైకు ఎందుకు కూస్తుంది?

మన మాటను పట్టేది మైకు. దాన్ని పెద్దది చేసేది యాంప్లిఫయరు పెట్టె. బయటికి వినిపించేది హారన్. గోరంతను కొండంత చేయడమే ఆ పెట్టె పని.

హారన్ మైకు వైపు తిరిగి ఉందనుకోండి. హారన్ శబ్దం మళ్లీ మైకులో పడుతుంది. పెట్టె దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. అది మళ్లీ హారన్ నుంచి వచ్చి మైకులో పడుతుంది. ఊర్లో పుకారు నోటి నుంచి నోటికి పెరిగినట్టే ఇదీ పెరుగుతుంది. కన్ను మూసి తెరిచేలోపల కూత అవుతుంది. ఇది మన ఊరి సంగతే కాదు. లోకమంతా ఉంది. డెన్మార్క్ దేశపు శాస్త్రవేత్త లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ప్రభావం అంటారు.

కూత ఆగాలంటే ఏం చేయాలి?

హారన్‌ను జనం వైపు తిప్పాలి. మైకు హారన్‌కు వెనక ఉండాలి. వాల్యూం కొంచెం తగ్గించాలి. మైకును నోటికి బెత్తెడు దూరంలో పట్టుకోవాలి. మూరెడు దూరంలో పట్టుకుంటే మాట వినపడదు. అప్పుడు వాల్యూం పెంచుతారు. కూత వస్తుంది. మైకు తలను చేత్తో మూయొద్దు.

గుయ్‌మని మోత ఎందుకు?

మన ఇండ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు మైకు వైరులోకి దూరితే తుమ్మెద మోత వస్తుంది. మైకు వైరులో సన్న తీగ చుట్టూ జల్లెడ లాంటి అల్లిక ఉంటుంది. అది చేనికి కంచె లాంటిది. కంచె తెగితే పశువులు దూరినట్టు, అల్లిక తెగితే మోత దూరుతుంది. మైకు వైరును కరెంటు వైరు పక్కన పరచొద్దు. కరకరమంటే మైకు పిన్ను వదులైందేమో చూడాలి.

తప్పు యాడుందో కనుక్కోవడం ఎట్లా?

కూర రుచి చెడితే ఉప్పు, పులుపు ఒకేసారి వేయం కదా. ఒకటి వేసి రుచి చూస్తాం. ఇక్కడా అంతే. ఒకసారికి ఒకటే మార్చాలి.

మోత వస్తుంటే వాల్యూం సున్నాకు తిప్పండి. మోత ఆగితే మొదట మైకును, దాని వైరును చూడాలి. ఆగకపోతే తప్పు పెట్టె లోపల ఉండొచ్చు. కండెన్సరు పాతబడినా ఇట్లా మోత వస్తుంది.

కూత వస్తుంటే వాల్యూం తగ్గించి మైకు పిన్ను పీకండి. మళ్లీ మెల్లగా పెంచండి. కూత రాకపోతే పెట్టెలో తప్పు లేనట్టే. మైకు, హారన్ ఉన్న తావు మార్చాలి. అప్పుడూ కూస్తే పెట్టెకు రిపేరు కావాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. పెట్టె మూత మనం తీయొద్దు. ప్లగ్గు పీకినా లోపల కండెన్సరులో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. ప్రొద్దుటూరులో రిపేరుకు ఇచ్చేటప్పుడు "వాల్యూం సున్నాలో కూడా మోత ఉంది" అని చీటీ రాసి ఇవ్వండి. మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది. మనం నేర్చిన అక్షరం అట్లా పనికొస్తుంది.

ఆ సభ అయిపోయినాక అదే సెట్టును చూసినాం. హారన్ మైకు వైపే తిరిగి ఉంది. దాన్ని జనం కూర్చునే వైపు తిప్పినాం. కూత ఆగింది. అదే అక్క. అదే గొంతు. ఖాళీ కుర్చీల ముందు తన కాగితం కడదాకా చదివింది. ప్రతి మాటా వినపడింది.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది. ఊర్లో ఓటున్న ప్రతి మనిషికీ గ్రామసభలో చోటు ఉంది. చోటు ఉంటే చాలదు, మాట వినపడాలి.

వచ్చే సభకు గంట ముందే ఇద్దరం పోదాం. హారన్ ఎటు తిరిగిందో చూద్దాం. అక్క కాగితాన్ని దాచిపెట్టుకునే ఉంది. ఈసారి కుర్చీలు ఖాళీగా ఉండవు.