పడినవారిని లేవనెత్తు ఇండ్లు



గ్రామమున పెద్దరికము వహించినవారి యొద్దకు పొలముగట్టు తగవులు ఎన్ని వచ్చునో, త్రాగుడు వలన పుట్టు తగవులును ఇంచుమించుగ అన్నియే వచ్చును. మగడు చీకటిపడిన వెనుక త్రాగి వచ్చి భార్యను కొట్టును. ఆమె బిడ్డలతో పుట్టింటికి పోవును. అప్పులవాడు వచ్చి ఎడ్లను తోలుకొని పోవును. కడకు ఆ మనుష్యుడు రచ్చబండ మీద పండుకొనును. త్రాగుడు, దెబ్బలు, నిలువనీడ లేమి - ఇవి మూడును ఒకే త్రాటి పేటలు. పెద్దలు ఒట్టు వేయింతురు, తప్పు కట్టింతురు. పది దినములకు కథ మొదటికి వచ్చును.

ఇట్టివారిని కొంతకాలము ఒక యింట నుంచుకొని, తిండి పెట్టి, పని నేర్పి, తిరిగి మనుష్యులలో కలుపు ప్రయత్నమును క్రైస్తవ సంఘములు నూఱేండ్లకు పైబడి చేయుచున్నవి. ఆ యిండ్లు నడచు రీతిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. మతబోధ నా యుద్దేశము కాదు. వానినుండి మనము గ్రహింపదగిన దేమి, మనము జాగ్రత్తపడవలసిన దెచ్చట అనునదియే నా విచారణ.

జెర్రీ మెకాలే అనువాడు ఐర్లండున పుట్టి బాల్యముననే న్యూయార్కు చేరెను. ఇరువదియేండ్లు నిండక మునుపే దోపిడి నేరముపై సింగ్‌సింగ్ చెఱసాలకు పంపబడెను. అచ్చట అతని మనస్సు మాఱెను. 1864లో విడుదలయ్యెను. కాని బయట అతనికి చేయూత నిచ్చువారు లేకపోయిరి. మరల త్రాగుడులో పడెను, లేచెను, మరల పడెను. కొందఱు విడువక పట్టుకొనుట వలన తుదకు నిలువ గలిగెను. 1872లో భార్య మేరియాతో కూడి, ఆ నగరపు రేవునకు చేరువనున్న వాటర్ స్ట్రీటున, తనవంటివారికై ఒక ఆశ్రయమును తెఱచెను. మనస్సు మాఱినంతనే మనుష్యుడు నిలువడనియు, పడినవాడు మఱియొకసారి పడినంతమాత్రమున తలుపు మూయరాదనియు అతడు తన బ్రదుకు వలననే నేర్చుకొనెను.

లండను నగరపు తూర్పు పేటలలో విలియమ్ బూత్, ఆయన భార్య కేథరీన్ 1865లో ప్రారంభించిన పని 1878లో సాల్వేషన్ ఆర్మీ అను పేరు దాల్చెను. మన తెలుగువారు దానిని రక్షణ సైన్యమందురు. 1890లో బూత్ ప్రకటించిన గ్రంథమున ఒక పోలిక కలదు. నగర వీథిలో బండిగుఱ్ఱము కూలబడినచో, అది ఎవరి తప్పువలన పడెనని విచారించుచు ఎవరును కూర్చుండరు. ముందుగా దానిని లేపుదురు. అది బ్రదికియున్నంతకాలము దానికి సాల, మేత, పని కలవు. మనుష్యునికి ఆపాటియైనను దక్కవలదా అని ఆయన యడిగెను. నగరమున ఆశ్రయము, పిదప పల్లెపట్టున సేద్యము, ఆ పిదప దూరదేశములలో క్రొత్త బ్రదుకు అని ఆయన మూడు మెట్లు ఏర్పఱచెను. 1891లో ఎసెక్సు సీమయందు హాడ్లీ అనుచోట భూమి కొని, నగరమున చెడియున్నవారిచేత ఇటుకలు కోయించి, తోటలు పెంచించెను.

1958లో డేవిడ్ విల్కర్‌సన్ అను యువబోధకుడు న్యూయార్కు వీథులలో మత్తుమందులకు చిక్కిన యువకుల నడుమ పని మొదలుపెట్టెను. అందుండి పుట్టిన టీన్ ఛాలెంజ్ సంస్థకు నేడు పలుదేశములందు నివాసగృహములు కలవు. ఇట్టి యిండ్లలో చేరినవారు సాధారణముగా ఒక యేడాది వఱకు ఉందురు. తెల్లవాఱుజామున లేచుట, ప్రార్థన, పాఠము, శరీరశ్రమ, పంక్తిభోజనము, వేళకు నిద్ర - ఇదియే దినచర్య. పాత స్నేహితులు, పాత వీథి కొంతకాలము కంటికి కనబడవు. ఔషధముకంటె ఈ క్రమమే పనిచేయునని నడపువారి నమ్మకము.

ఇందు కొంత సత్యము కలదు. కొంత ప్రమాదమును కలదు. అనేక సంవత్సరములు మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, రెండు మూడు దినములలో చేతులు వణకుట, మూర్ఛలు, లేనివి కనబడుట సంభవింపవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కావున ఏ యింటికి పంపినను ముందు వైద్యునికి చూపవలయును. వైద్యుని గుమ్మము త్రొక్కనీయని గృహమునకు పంపరాదు.

ఇక దెబ్బలు తిన్న స్త్రీ సంగతి. ఆమెకును ఆశ్రయము కావలయును గాని, ఆమె చేసిన తప్పేమియు లేదు; ఆమెను దిద్దవలసిన పని లేదు. 1889లో పండిత రమాబాయి బొంబాయిలో వితంతువులకొఱకు శారదా సదనమును స్థాపించెను. 1896-97 కఱవుకాలమున దిక్కులేని బాలికలను, స్త్రీలను పూనాకు చేరువనున్న కేడ్గాంవ్‌నకు తెచ్చి ముక్తి సదనమున నుంచెను. వారు అచ్చట చదువుతోపాటు సేద్యము, నేత, అచ్చుపని నేర్చిరి. తన చేతిపనితో తాను బ్రదుకగల స్త్రీ, కొట్టువాని యింటికి గతిలేక తిరిగి పోనక్కఱలేదు. మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఆమెకు కాపురమున్న యింటనే నివసించు హక్కును ఇచ్చినది. సర్దుకొని పొమ్మని తీర్పు చెప్పుటకు ముందు పెద్దలు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలయును.

మతము మాట మిగిలియున్నది. శారదా సదనమున మతబోధ యుండదని మొదట చెప్పబడెను. కొందఱు బాలికలు రమాబాయి ప్రార్థనలకు పోవుచుండిరని 1893లో కలకలము రేగి, సలహాదారులైన పెద్దలు తొలగిరి. కొందఱు తమ పిల్లలను తీసికొని పోయిరి. ఆమె సేవ గొప్పది. పెద్దల శంకయు నిర్హేతుకము కాదు. ఆకలితో వచ్చినవానికి అన్నముతోపాటు ప్రార్థనయు వడ్డించునపుడు, వద్దనుటకు వానికి నిజముగా వీలున్నదా? ఈ ప్రశ్న ఏ మతమువారు నడపు ఆశ్రమమును గూర్చి యైనను అడుగవలసినదే.

ఇంతకంటె తీవ్రమైన యుదాహరణము మన బాపట్ల చెంతనే కలదు. నేరస్థ జాతుల చట్టము క్రింద కొన్ని కులములవారిని పుట్టుకచేతనే దొంగలని ముద్రవేసి, స్టువర్టుపురమున నుంచి, ఆ వసతిని రక్షణ సైన్యమువారికి అప్పగించిరి. అక్కడ పనియు, చదువును ఉండెను. సెలవు లేక వెలుపలికి పోవు స్వేచ్ఛ లేకుండెను. ఆ చట్టము 1952లో దేశమంతటను రద్దయ్యెను. ముద్ర మాత్రము తొందరగా చెఱగలేదు. లండనులో తనంత తాను తలుపు తట్టినవానికి చేసిన మేలును, బలవంతముగా తెచ్చి నిలిపినవానికి చేయలేము.

కావున ఎవనినైన ఇట్టి యింటికి పంపునపుడు నాలుగు సంగతులు విచారింపుడు. వాడు తన యిష్టమున పోవుచున్నాడా? పోవలెనన్నపుడు వెలుపలికి రానిత్తురా? వైద్యుడు కలడా? బంధువులు పోయి చూడవచ్చునా? గొలుసులు, దెబ్బలు ఉన్నచోటు ఎంత పవిత్రమైన పేరు పెట్టుకొన్నను ఆశ్రయము కానేరదు.

అయిదవ సంగతి మనది. నే నెఱిగిన యొక గ్రామమున ఒకడు ఎనిమిది నెలలు అట్టి యింటనుండి, తేఱుకొని వచ్చెను. ఎవరును అతనిని కూలికి పిలువలేదు. పెండ్లిపందిటిలో మాత్రము నలుగురు చుట్టుజేరి, ఒక్క గ్రుక్కకేమి యని ఎగతాళి చేసిరి. ఆ సంవత్సరము తిరుగకమునుపే అతడు మొదటివాడయ్యెను. ఆశ్రమము చెడ్డదని ఊరివారు తీర్మానించిరి.

ఆశ్రమము ఒక యేడాది కాపాడును. తక్కిన బ్రదుకంతయు కాపాడవలసినది ఊరు. తిరిగివచ్చినవానికి పని చూపుట, వాని యెదుట సీసా పెట్టనీయకుండుట, వాని భార్య భయము లేకున్ననే కలిసి కాపురము చేయుమనుట, వాడు మఱియొకసారి జాఱినచో మఱియొకసారి పంపుట - వీనికి ధనము అక్కఱలేదు. పెద్దల మాట చాలును. ఆ మాట మీ యొద్ద నున్నది.