నాయిక కాస్త బొద్దుగా ఉంటే...

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వంట ముగించి, పిల్లలూ పెద్దలూ ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి వారపత్రిక తిరగేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ముందు సీరియల్, తరవాతే మిగతావి. ఆ సీరియల్లో నాయిక మొదటిసారి కనిపించే పేరా ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను, మీరూ చెప్పగలరు. మెరుపుతీగ. పిడికిట్లో ఇమిడే నడుము. లేతనీలం షిఫాన్ చీర గాలికి ఎగురుతూ ఉంటుంది. ఆ అమ్మాయి ఇంట్లో ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో మాత్రం ఎక్కడా ఉండదు. అసలు తినదు కాబోలు.

ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ పేరాలోకి రానివ్వని అమ్మాయి గురించి. లావుగా ఉండి, ఉన్నందుకు లోలోపల ముడుచుకుపోయే అమ్మాయి గురించి. అలాంటి అమ్మాయిని నాయికగా పెట్టి ప్రేమకథ రాయాలంటే ఎలా రాయాలి? నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని, పెద్ద విమర్శలు నాకు రావు. కాని కథలు రాస్తాను. ఈమధ్య ఒక వారపత్రికలో పన్నెండు వారాల చిన్న నవల రాశాను. పోస్టాఫీసులో పనిచేసే లావుపాటి అమ్మాయే అందులో నాయిక. అంచేత ఈ పనిలో ఉన్న చిక్కులు కొంచెం తెలుసు.

మొట్టమొదటి చిక్కు మాట దగ్గరే వస్తుంది. ఒంటి గురించి తెలుగులో మాటలకు కొదవ లేదు. బొద్దుగా ఉంది అంటే ముద్దు చేసినట్టు. పసిపిల్లకైతే సరేగాని, ఇరవై ఆరేళ్ల ఉద్యోగస్తురాలిని మూడుసార్లు బొద్దు అన్నామంటే ఆమెను పసిపిల్లను చేసినట్టే. నిండుగా ఉంది అంటే గౌరవం. పుష్టిగా ఉంది అంటే పల్లెటూళ్లో మెచ్చుకోలు, పట్నంలో మర్యాదగా తప్పించుకోవడం. ఒళ్లు చేసింది అనే మాట పెళ్లయిన కొత్తలో దీవెనలా వినిపిస్తుంది, పెళ్లికి ముందు నేరం మోపినట్టు వినిపిస్తుంది. స్థూలకాయం డాక్టరుగారి చీటీలో మాట. ఇక పీపా, డ్రమ్ము, గుమ్మడికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేనేం చేశానంటే, రచయిత్రిగా నేను చెప్పేచోట ఒకే ఒక్కసారి ‘లావు’ అని రాశాను. ఉన్న మాట, అంతే. మిగిలినవన్నీ పాత్రల నోళ్లలో పెట్టాను. మేనత్త ‘ఒళ్లు చేశావే’ అంటుంది, తోటి ఉద్యోగి ఇంగ్లీషులో ‘హెల్దీ’ అంటాడు. ఎవరు ఏ మాట వాడారో చూస్తే వాళ్లెలాంటివాళ్లో మనకు తెలిసిపోతుంది.

అన్నట్టు, మన పూర్వకవులు నాయికను గజగమన అన్నారు. మేఘదూతంలో యక్షుడి భార్యకు నడుము సన్నమేగాని, కటిభారం వల్ల నడక మెల్లన అన్నాడు కాళిదాసు. అది పొగడ్త! ఇవాళ ఏ అమ్మాయినైనా ఏనుగుతో పోల్చి చూడండి, రెండు రోజులు అన్నం మానేస్తుంది. అంత దూరం దేనికి, 1957లో మాయాబజార్ చూసినవాళ్లెవరైనా శశిరేఖ నిండుగా ఉందని టికెట్టు వెనక్కి ఇచ్చారా?

యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ గుర్తు తెచ్చుకోండి. 1960లలో పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల, 1976లో సినిమా కూడా అయింది. మా అమ్మ ఆ పుస్తకం అట్ట ఊడిపోతే సూదీదారంతో కుట్టి దాచుకుంది. జయంతి మధ్యతరగతి పిల్ల, ఉద్యోగం చేసుకుంటే గాని గడవదు. రాజశేఖరానికి అన్నీ ఉన్నాయి. మరి రచయిత్రి జయంతికి ముందు ఆస్తి కలిసొచ్చేలా చేసి, ఆ తరవాత ప్రేమ ఇప్పించారా? లేదు. ఉన్న స్థితిలోనే తలెత్తుకుని నిలబెట్టారు. మన తల్లులు మురిసిపోయింది ఆ ఆత్మాభిమానం చూసే. డబ్బు లేని అమ్మాయికి దొరికిన ఆ న్యాయం లావుగా ఉన్న అమ్మాయికి మాత్రం దొరకదు. ఆమెను ముందు పది కిలోలు తగ్గమంటారు, నాయకుడు తరవాత.

ఆత్మాభిమానం అన్నాను గదా అని, నాయిక మొదటి పేజీ నుంచీ ఉపన్యాసాలిస్తూ కూర్చుంటే అదీ అబద్ధమే. లోపల బెరుకు ఉండాలి, లేకపోతే కథే లేదు. ఆ బెరుకును చాలామంది నిలువుటద్దం ముందు పెట్టి రాస్తారు. నేను చూసినంతలో ఇలాంటి అమ్మాయిలు అద్దం దగ్గర ఎక్కువసేపు నిలబడరు. మొహం వరకూ చూసుకుని, బొట్టు దిద్దుకుని తప్పుకుంటారు. బెరుకు బయటపడేది మరెక్కడో. గ్రూపు ఫోటో అనగానే చటుక్కున ఎవరి పిల్లనో ఎత్తుకుని ముందు పట్టుకుంటుంది. బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో చోటున్నా నిలబడే వస్తుంది, పక్కావిడ జరుగుతూ చూసే చూపు పడలేక. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్ల వంక చూస్తుంది. చీర అందరిదీ అయిదున్నర మీటర్లే, కాని అక్కకు ఏడు కుచ్చెళ్లు వస్తే తనకు నాలుగే వస్తాయి. అంచేత చీర కట్టుకునేటప్పుడు గదిలోకి ఎవరినీ రానివ్వదు. దర్జీ కొలత తీస్తూ, ఆ అంకె పైకి చదివి కుర్రాడి చేత రాయిస్తాడు చూడండి, ఆ క్షణం కోసం నేను ఒక వారం మొత్తం దర్జీ కొట్టులోనే నడిపించాను. అక్కడ నాయిక తల్లి, ‘లోపల గుడ్డ ఎక్కువ వదలండి, తరవాత విప్పుకోవచ్చు’ అంటుంది. తల్లి ఉద్దేశం పొదుపే. కూతురికి మాత్రం జోస్యం చెప్పినట్టుంటుంది, నువ్వింకా లావవుతావు అని.

ఇలాంటివి నవల మొత్తానికి నాలుగైదు చాలు. రోజంతా ఒంటి గురించే దిగులుపడుతూ ఎవరూ బతకరు. ఆమెకు పని ఉండాలి, ఆ పనిలో నేర్పు ఉండాలి. నా నాయిక కవరు మీది చేతిరాత చూసి అది ఏ వీధి ఉత్తరమో చెప్పేస్తుంది. కౌంటరు వెనక ఉన్నంతసేపు ఆమెకు తన ఒళ్లు గుర్తే రాదు. చిన్న తలుపు తీసుకుని ఇవతలికి రావలసి వచ్చినప్పుడే గుర్తొస్తుంది.

ఇక నాయకుడు. ‘నువ్వు లావుగా ఉన్నా నాకిష్టమే’ అనే మాటను గొప్ప ప్రేమ సంభాషణ అనుకుని రాసేవాళ్లున్నారు. ఆ ‘ఉన్నా’లో దీర్ఘం చూడండి. ఉప్పెక్కువైనా తింటానులే అన్నట్టు లేదూ? మావారు చారు గురించి అలా అంటే ఊరుకుంటాను, నా గురించి అంటే ఊరుకోను. అలాగని పేజీకోసారి ఆమె ఒంపుసొంపులు వర్ణించే నాయకుడూ నాకు నచ్చడు. లావు ఒక్కటే చూసి వచ్చినవాడు కూడా ఆమెను చూడనట్టే. నా నవలలో అతను అందని పార్సిలు గురించి పోట్లాడటానికి వస్తాడు. ఆమె రెండు రోజులు తిరిగి అది ఎక్కడ ఆగిందో కనిపెడుతుంది. అతనికి తరవాత గుర్తుండిపోయేది ముద్ర వేసే ఆమె చెయ్యి. నిండు చెయ్యి కావడంతో గాజులు బిగువుగా ఉండి చప్పుడు చెయ్యవు.

అతను ఏడో వారం తన మనసు చెబుతాడు. ఆమె పదకొండో వారానికిగాని నమ్మదు. పదిహేనేళ్లుగా ఇంటా బయటా విన్నది ఒక్క మాటతో పోతుందా? ఇతనికి నాతో ఏదో అవసరం ఉండి ఉంటుంది, లేకపోతే స్నేహితులతో పందెం కట్టి ఉంటాడు అనుకుంటుంది. ఆ నాలుగు వారాలే నా లెక్కలో అసలు కథ. మరో సంగతి, సన్నగా ఉన్న అమ్మాయిని పనిగట్టుకుని దుర్మార్గురాలిని చెయ్యకండి. ఆ పిల్లేం చేసింది పాపం.

ఇప్పుడు మనకు గుచ్చుకునే సంగతి. ఇలాంటి నాయికను ఎక్కువగా బాధపెట్టేది ఎవరు? దారినపోయే పోకిరీ కాదు. ఆమె మంచి కోరే తల్లి. గోంగూర పచ్చడిలో నెయ్యి వేసి ముద్ద కలిపి పెట్టే చెయ్యీ తల్లిదే, ‘రాత్రిపూట అన్నం మానెయ్యవే’ అనే నోరూ తల్లిదే. పెళ్లి విందులో రెండో బూరె వడ్డిస్తుంటే పక్క వరసలోంచి కళ్లతోనే వద్దంటుంది. పెళ్లిచూపులవాళ్లు ‘అమ్మాయి బాగుంది కాని కాస్త...’ అని ఆపిన మాటను ఇంటికొచ్చి పూర్తిచేసేది కూడా ఆవిడే. ఇలాంటి తల్లిని దుష్టపాత్రగా రాస్తే పని సులువే, కాని నిజం పోతుంది. ఆవిడకు నిద్ర పట్టడం లేదు మరి. సంబంధం తప్పిపోతున్నదన్న భయం ఆవిడది.

మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన పుస్తకాల్లో జెన్నిఫర్ క్రూసీ రాసిన ‘బెట్ మీ’ ఒకటి ఉంది, 2004లో వచ్చింది. నేను కూడబలుక్కుంటూ చదివాను, అర్థంకాని చోట్ల చెల్లెల్ని అడిగాను. అందులో మిన్ అనే అమ్మాయి బీమా కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగస్తురాలు, ఒళ్లున్న పిల్ల. చెల్లెలి పెళ్లిలో తోడుపెళ్లికూతురు గౌను పట్టాలని తల్లి ఆమెను రొట్టె ముట్టుకోనివ్వదు. దేశం ఏదైతేనేం, అచ్చం మన ఇల్లే. నాయకుడు ఆమెను మొదట హోటలుకు తీసుకెళ్లి కడుపునిండా భోజనం పెట్టిస్తాడు. ఆఖరి పేజీకి కూడా మిన్ సన్నబడదు. 2001లో జెన్నిఫర్ వీనర్ రాసిన మరో నవల ఉంది, దాని పేరు రేడియోలో చెప్పడానికి నాకు మొహమాటం. విడిపోయిన స్నేహితుడు తన లావు గురించి ఒక పత్రికలో రాసేస్తే, ఆ అమ్మాయి అది చదవడంతో కథ మొదలవుతుంది. 1996లో వచ్చిన ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’లోనైతే నాయిక రోజూ తన బరువు రాసుకుని గాని డైరీ మొదలుపెట్టదు. ఆ బరువెంతో తెలుసా? అరవై కిలోల లోపే! మన ఇళ్లల్లో దాన్ని లావని కూడా అనరు. కిలోల సంగతి కాదన్నమాట ఆ దిగులు.

మనకూ 2015లో అనుష్క నటించిన ‘సైజ్ జీరో’ వచ్చింది. ఆ పాత్ర కోసం ఆవిడ నిజంగానే బరువు పెరిగారు. అందులోనూ పెళ్లి గురించి తల్లి పడే ఆరాటమే మొదటి బాధ. తరవాత కథ సన్నబడటం పేరుతో జరిగే మోసం మీదికి మళ్లింది. అది మంచిదేగాని, నాకు ఇంకాసేపు ఆ తల్లీకూతుళ్ల దగ్గరే ఉండాలనిపించింది.

ఆరోగ్యం మాటేమిటి అని మీరు అడగవచ్చు. థైరాయిడో, చక్కెరో ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, సందేహమే లేదు. నా నాయిక కూడా వెళుతుంది. కాని మందుచీటీ వేరు, శుభలేఖ వేరు.

నా నవల అచ్చవుతున్నప్పటి ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. మొదటివారం పత్రిక తెరిచి చూస్తే బొమ్మలో నాయిక సన్నగా, రివటలా ఉంది! కథలో మొదటి పేరాలోనే లావు అని రాశాను గదా అని అడిగితే, ‘లావుగా గీస్తే హాస్యపాత్ర అనుకుంటారండీ’ అని జవాబొచ్చింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండోవారం నుంచి నాయికను కౌంటరు వెనకో, తలుపు చాటునో, పెద్ద సంచీ పట్టుకునో గీశారు. పత్రికవారు సహృదయులే. అయిదోవారం ఫోను చేసి, ఆఖరికి ఆమె కాస్త సన్నబడితే పాఠకులు సంతోషిస్తారేమో చూడమన్నారు. 1847లో ‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్ బ్రాంటీ, నాయిక అందగత్తె కానక్కర్లేదని చెల్లెళ్లతో వాదించి, తనలాగే పొట్టిగా, సాదాగా ఉన్న అమ్మాయితో కథ నడిపించి చూపిందని ఎక్కడో చదివిన ధైర్యంతో, కుదరదండీ అన్నాను. సరే మీ ఇష్టం అన్నారు, పాపం.

ఆ మరుసటి వారమే ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు చెప్పను. ఇంట్లో డిగ్రీ చదివే కూతురుందట, నా సీరియల్ వచ్చే పేజీ చించి పుస్తకంలో దాచుకుంటోందట. ‘మా పిల్ల ఇంతకుముందు ఇలా రెండు కథలు ఇష్టంగా చదివింది. రెండింట్లోనూ ఆఖరికి నాయిక సన్నబడింది. తరవాత అది వారంరోజులు సరిగా తినలేదు. మీ నాయిక చివరిదాకా ఇలాగే ఉంటుందా లేదా ముందే చెప్పండి. లేదంటే ఇప్పుడే పత్రిక మానిపిస్తాను’ అని రాశారు.

ఉంటుందమ్మా అని ఆ సాయంత్రమే కార్డు రాసి పోస్టు చేశాను. పన్నెండోవారం పెళ్లిచీరకు నా నాయికకు నాలుగే కుచ్చెళ్లు వచ్చాయి. ఆ పూట గది తలుపు తీసే ఉంచింది.