వంశధార ఒడ్డున శాలిహుండము



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన శ్రీకాకుళ విజయనగర జిల్లాలలో ప్రొద్దు త్వరగా క్రుంకును. కళ్లములందలి వరికుప్పలపై మంచు కురియుచుండగా, వాకిట మంటవేసి, ఆ నివురులో తేగలు కాల్చి, వేడి తేగను నిలువున చీల్చి, పీచు తీసి, నడుమనుండు లేత చందమామను పిల్లల చేతబెట్టి, దుప్పట్లు కప్పుకొని ఇంటిల్లిపాదియు టీవీ యెదుట కూర్చుండుట ఇప్పటి మన చలికాలపు నిత్యకృత్యము. తెరపై కాశ్మీరపు దేవదారు వనములో, స్విట్జర్లాండు హిమశిఖరములో కదలును. “అమా, మనమెప్పుడెల్తామే?” అని ఒడిలోని బిడ్డ యడుగును. తల్లి మాటాడదు గాని, ఆమె చూపును ఆ కొండల మీదనే యుండును.

ఇది నేటి ముచ్చట మాత్రమే కాదు. గత శతాబ్దపు చివరి దశకమున సిద్ధార్థ కాక్, రేణుకా శహాణే గార్లు దూరదర్శన్‌లో ‘సురభి’ని నడపిన కాలమున, హిందీ అంతంతమాత్రముగా తెలిసినవారు సైతము ఆ కార్యక్రమమునకై వేచియుండి, ఎన్నడును చూడని యూళ్ల పేర్లు జ్ఞాపకముంచుకొని, అందలి ప్రశ్నలకు కార్డులపై సమాధానములు వ్రాసి పంపుచుండెడివారు. దేశాటనమునందలి యీ కోరికను టీవీ పుట్టించిన వట్టి మోజని త్రోసిపుచ్చువారు కలరు. నేనట్లు తలంపను. మన తీరమునకు ఈ కోరిక మిక్కిలి ప్రాచీనమైనది. అందునను చలికాలమునకు సంబంధించినది.

వర్షకాలమంతయు నైరుతి దిక్కునుండి వీచిన గాలి శరదృతువు చివర మరలి ఈశాన్యమునుండి వీవ నారంభించును. పూర్వము కళింగ నావికులు ఆ గాలికొరకే వేచియుండి, కార్తికము వచ్చినంతనే తెరచాపలెత్తి సింహళమునకును, తూర్పు ద్వీపములకును సాగిపోయెడివారు. కార్తిక పూర్ణిమనాడు కటకములో ఆరంభమగు బలియాత్ర నేటికిని ఆ ప్రయాణములనే స్మరించును. మన స్త్రీలు పోలి పాడ్యమినాడు అరటి దొప్పలలో దీపములు వెలిగించి నీట వదలుదురు. అది ఆ నావల జ్ఞాపకమేయని వాదింపజాలను గాని, చీకటిలో ఆ దొప్పలు బారులుతీరి ప్రవాహమున పోవుచుండగా చూచిన ప్రతిసారియు నాకు ఆ ఓడలే తలపునకు వచ్చును.

ఆ కాలపు గురుతులను కన్నులార చూడదలచినవారు శ్రీకాకుళమునుండి ఇంచుమించు 18 కిలోమీటర్ల దూరమున, గార మండలములో, వంశధార దక్షిణ తీరముననున్న శాలిహుండము కొండకు పోవలెను. 1919లో దీని ప్రాశస్త్యమును కనుగొని లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. సవరల పలుకులను చెవియొగ్గి విని వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిన ఆ మహనీయుడు, ఊరివారు మామూలుగా చూచుచు పోవు మిట్టలలో చరిత్రను గుర్తించుటయందు ఆశ్చర్యమేమున్నది?

క్రీస్తుకు పూర్వము 2వ శతాబ్ది మొదలు క్రీస్తు శకము 12వ శతాబ్ది వరకు ఈ కొండపై బౌద్ధము వర్ధిల్లినదని పండితులు చెప్పుదురు. హీనయాన, మహాయాన, వజ్రయానములు మూడును ఇచట తమ గురుతులను విడిచిపోయినవి. త్రవ్వకములలో ధాతుకరండములు లభించినవి. తారా, మారీచీ దేవతల శిలామూర్తులను అచటి ప్రదర్శనశాలలో చూడవచ్చును. విజయనగరమువారు రామతీర్థమున బౌద్ధ క్షేత్రమైన గురుభక్తకొండ నెక్కియున్నయెడల ఇటువంటి యిటుక కట్టడములు వారికి కొత్త గావు. కాని ఇచట నదియును సముద్రమును తోడైనవి.

పెందలకడ పోవుట మేలు. మెట్లెక్కునప్పటికి క్రింద నదియున్నదో లేదో తెలియదు. తెల్లని మంచు తప్ప మరేమియు కానరాదు. స్తూపముల నడుమ నిలిచి చూడుడు. చక్రమునందలి ఆకులవలె నడుమనుండి నలుదెసలకు పేర్చిన యిటుక గోడలు, మంచుకు తడిసి, చేయి ఆన్చిన చల్లగా తగులును. ఎండ కొంచెమెక్కినంతనే మొదట తాళ్ల తలలు, పిదప ఇసుక తిన్నెలు, వాని నడుమ సన్నని నీటిపాయలు, తుదకు కళింగపట్నము వైపున సముద్రపు గీత యొకటొకటిగా బయలుపడును. టీవీలో నింతటి దృశ్యము నిమిషమైన నిలువదు. ఇచట గంటసేపు వేచియున్నవారికే అది లభించును. నాటి బౌద్ధ భిక్షువులు వర్తకుల రాకపోకలకు దాపుగా, నదీముఖమును కనిపెట్టియుండు ఈ చోటును ఏల యెన్నుకొనిరో అచట నిలిచిననే బోధపడును.

దిగిన పిదప కళింగపట్నమునకు పొండు. గత శతాబ్దపు మధ్యకాలము వరకు అది ఓడలు వచ్చిపోవు రేవు. దీపస్తంభము నేటికిని కలదు. వంశధార సముద్రమున కలియుచోటును సమీపముననే యున్నది.

సంక్రాంతి సెలవులలో పిల్లలను తప్పక తోడ్కొనిపొండు. ముందు కొండ యెక్కించి, తరువాత ప్రదర్శనశాలను చూపుడు. ఒక్క మాట: స్తూపములపైకెక్కి ఫొటోలు తీయించుకొనువారి పాదముల క్రింద ఆ పాత యిటుకలు రాలిపోవుచున్నవి. చుట్టును నడచుటకు చోటున్నది. పిల్లలను ఆ దారినే నడపింపుడు.