ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా



2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సంభవించిన భూకంపంలో సుమారు 9 వేల మంది మరణించారు. ఒక రోజు వేతనం విరాళంగా ఇవ్వాలని మా శాఖ సమావేశంలో ప్రతిపాదించగానే ఒక గ్యాంగ్‌మన్ లేచి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన క్వార్టర్లు కారుతుంటే పరదేశానికి దానమేమిటండీ?" అని అడిగారు. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న లోభం వలన పుట్టినది కాదు; లోగడ వసూలు చేసిన చందాలకు సరిగా లెక్క చెప్పని మావంటి నాయకుల వలన పుట్టినది.

అయితే దానమన్న మాటతోనే నాకు పేచీ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఇతర రాష్ట్రాల ప్రజలే గాక, ఇతర దేశాల సేవాసంస్థలు కూడా చేయూతనిచ్చాయి. అంతమాత్రాన మనం యాచకులమైనామా? 2004 డిసెంబరు సునామీలో మన తీరమే తల్లడిల్లుతుండగా మన నౌకలు శ్రీలంకకు, మాల్దీవులకు సహాయం మోసుకుపోయాయి. అది గర్వకారణమే. కాని ఆనాడే మన ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సహాయాన్ని వద్దన్నది. 2018 కేరళ వరదలలోనూ అంతే. ఇచ్చే చేయి గొప్పది, పుచ్చుకునే చేయి తక్కువది అనే ఈ లెక్క జమీందారుల నాటిది. 1974 మే సమ్మెలో జీతాలు లేని రైల్వే కుటుంబాలకు సాటి కార్మికులు చందాలు పోగుచేసి ఇస్తే దానిని భిక్ష అన్నవారెవరు?

ఆ గ్యాంగ్‌మన్ చివరకు జాబితాలో సంతకం చేశారు, ఒక షరతు మీద: పంపిన సొమ్ముకు రసీదును నోటీసు బోర్డుపై అంటించాలని. అంటించాము.